పట్టీలోకెక్కని ఆదివారాలు

టీచరమ్మ గారు పోయారు. పోయిన బుధవారం పొద్దున కాలేజీలో అడ్మిషన్ల బల్ల దగ్గర ఉండగా వాళ్లమ్మాయి ఫోను చేసింది. "అక్కా, అమ్మ వెళ్లిపోయింది. టిఫిను తిని, మాత్ర వేసుకుని, పేపరు చూస్తూ కుర్చీలోనే..." అని ఆగిపోయింది. నా ఎదురుగా ఒకామె పాత మార్కుల లిస్టులు పట్టుకుని నిలబడి ఉంది. డిగ్రీ రెండేళ్లు చదివి ఆపేసిందట, మిగిలిన ఏడాది మా దగ్గర పూర్తి చెయ్యొచ్చా అని అడుగుతోంది. ఫోను పెట్టేశాక ఆమె చేతిలోని లిస్టులు తీసుకుని తిరగేశాను. తర్వాత ఎప్పుడూ చెప్పేదే చెప్పాను.

"ముందు ఒక సంగతి తెలుసుకోండి. వేరే చోట చదివింది కొంత వరకే కలుపుతారు. మిగతాది మా దగ్గరే చదవాలి. అది కూడా మీ పేరు ఏ హాజరు పట్టీలో ఉందో ఆ గదిలోనే కూర్చుని చదవాలి. ఇంకెక్కడ కూర్చున్నా లెక్కలోకి రాదు."

ఇరవై ఏళ్లుగా నా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ మొదట ఈ ముక్కే చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో వాళ్లెవరికీ తెలియదు. టీచరమ్మ గారికి తెలుసు.

నాకు చదువు చెప్పిన టీచరు కాదు ఆవిడ. లెక్క ప్రకారం నేనే ఆవిడకి మేడాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎమ్మే పూర్తి చేసి వేరే ఉద్యోగం దొరక్క, చీరాలలో ఒక దూరవిద్య కేంద్రంలో ఆదివారాలు చరిత్ర చెప్పేదాన్ని. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఆవిడకి నలభై ఎనిమిది. అద్దంకి పక్కన ఒక పల్లెలో, మిషను వాళ్ల బడిలో, ఐదు తరగతులకీ కలిపి ఇద్దరు టీచర్లుంటే అందులో ఆవిడ ఒకరు.

మా క్లాసులు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా. మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు, బట్టల కొట్లలో గుమాస్తాలు, ఇద్దరు నర్సులు, రైలు దిగి పరిగెత్తుకొచ్చేవాళ్లు కొందరు. మొదటి ఆదివారం పేర్లన్నీ పిలిచి పట్టీ మూసేశాక, ముందు బెంచీలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడ్డారు. తెల్ల వాయిల్ చీర, గట్టిగా బిగించిన ముడి.

"నా పేరు పిలవలేదండీ మేడం గారూ."

వెనకనుంచి మగ్గాల కుర్రాడొకడు, "మామ్మ గారూ, కూర్చునే చెప్పొచ్చండీ, ఇది బడి కాదు" అన్నాడు.

"నీకు కూర్చుంటే నోరొస్తుందిరా అబ్బాయ్, నాకు నిలబడితే వస్తుంది," అన్నారావిడ వెనక్కి తిరక్కుండానే. క్లాసంతా నవ్వు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ కుర్రాడే ఆవిడ కోసం కిటికీ పక్క చోటు పట్టి ఉంచేవాడు.

ఆవిడ కార్డు చూశాను. దాని మీద ఉన్న కేంద్రం అద్దంకి. మరి ఇంత దూరం ఎందుకొచ్చారని అడిగాను.

"అద్దంకిలో పొద్దున తొమ్మిదింటికండీ క్లాసు. ఆ వేళకి నేను మా చర్చిలో ఉండాలి. పిల్లలకి సండే స్కూలు చెప్పాలి, పాట ఎత్తాలి. నేను ఎత్తకపోతే ఎవరికి వారు తలో శృతిలో మొదలెడతారు. పదకొండున్నరకల్లా ఆరాధన అవుతుంది. బస్సెక్కితే ఒంటిగంటకి ఇక్కడ దిగుతాను. ఏ సెంటరైతే ఏముందండీ? మా సంఘంలో వాళ్లం ఏ ఊరెళ్తే ఆ ఊరి చర్చిలో కూర్చుంటాం. ఎక్కడ కూర్చున్నా ఆరాధన ఆరాధనేగా."

నాకు ఆ మాట ఎంత సబబుగా తోచిందంటే, ఎదురు ప్రశ్న వెయ్యాలనే అనిపించలేదు. మా కేంద్రం కోఆర్డినేటరు గారిని అడిగితే ఆయన టీ తాగుతూ, "తెల్ల కాగితం మీద సంతకం పెట్టించమ్మా, చూద్దాం" అన్నారు. నేను ఒక తెల్ల కాగితం తీసి, తేదీ వేసి, టీచరమ్మ గారి చేత సంతకం పెట్టించి, పట్టీ వెనక పిన్ను పెట్టాను. ఇక ప్రతి ఆదివారం ఒక కాగితం, అలాగే. ఆవిడ సంతకం చిన్న పిల్లలకి దిద్దబెట్టినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా ఉండేది.

ఆవిడకి డిగ్రీ ఎందుకో ఒకరోజు చెప్పారు. చిన్నప్పుడు గుంటూరులో రెండేళ్లు బీఏ చదివారు. ఇంతలో టీచరు ట్రైనింగులో సీటొస్తే మానేసి అందులో చేరారు. దూరవిద్య వాళ్లు ఆ పాత రెండేళ్లూ కలుపుకోవడానికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆఖరి సంవత్సరం మొత్తం తమ దగ్గరే చదవాలి, క్లాసులకి ముప్పాతిక వంతు హాజరుండాలి. ఇంటి నుంచే చదువుకునే మిగతావాళ్లకి అంత గట్టి నియమం లేదు. పాత చదువు కలుపుకున్నవాళ్లకే.

"అన్యాయం కదండీ, మీకే ఎందుకు?" అన్నాను.

"అన్యాయం ఏముంది? మార్చి నెల్లో ఎవరో పిల్లని తీసుకొచ్చి, ఐదు పాసైనట్టు నా చేత్తో సర్టిఫికెట్ రాసిమ్మంటే నేనిస్తానా? కొన్నాళ్లు నా కళ్ల ముందు కూర్చోవాలి, ఆ పిల్లకి ఏమొచ్చో నేను చూడాలి. వాళ్లూ అంతే."

ఆవిడకి ఆ డిగ్రీ కావాల్సింది జీతం కోసం కాదు. వాళ్ల బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. ఆ తర్వాత బడి అద్దంకిలో. మగపిల్లలు సైకిళ్ల మీద పోయేవాళ్లు. ఆడపిల్లలు పుస్తకాలు అటక మీద పెట్టి మిరపకాయలు కొయ్యడానికి పోయేవాళ్లు. డిగ్రీ ఉన్న టీచరు ఒక్కరుంటే ఆరో తరగతికి అనుమతి తెస్తామని మిషను వాళ్లు మాటిచ్చారు. అప్పుడు ఐదో తరగతిలో తొమ్మిది మంది ఆడపిల్లలున్నారు. "వచ్చే జూన్‌కి వీళ్లకి ఆరు కావాలి మేడం గారూ. వీళ్లు ఆగరు," అనేవారు.

బస్సులో వస్తూ ఉడికించిన వేరుశెనక్కాయలు తెచ్చేవారు, విరామంలో క్లాసుకంతటికీ పంచేవారు. విరిగిన సుద్దముక్కలు కళ్లజోడు డబ్బాలో దాచుకునేవారు. మా కేంద్రంలో సుద్దముక్క నేను పారేస్తే అది కూడా ఏరి డబ్బాలో వేసుకున్నారు ఒకసారి. మిరప కోతలకి వేరే జిల్లాల నుంచి వలస వచ్చేవాళ్ల పిల్లలు మూడు నెలలు ఆవిడ బడిలో కూర్చునేవారు. వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ప్రతి పిల్లకీ ఒక చీటీ రాసిచ్చేవారు: ఈ పిల్ల ఇన్ని రోజులు మా బడికి వచ్చింది, తెలుగులో ఈ పాఠం దాకా అయ్యింది, కూడికలు వచ్చు, తీసివేతల్లో తడబడుతుంది. ఆ చీటీ ఏ బడిలోనైనా చెల్లుతుందో లేదో ఆవిడకి తెలియదు. రాయడం మాత్రం మానలేదు.

ఇక నా సంగతి చెప్పాలి.

దసరా సెలవుల ముందు ఒకరోజు, వేరే ఏదో వెతుకుతూ, యూనివర్సిటీ నియమాల పుస్తకం తిరగేశాను. హాజరు కేటాయించిన కేంద్రంలోదే లెక్క. కేంద్రం మార్చుకోవాలంటే ప్రాంతీయ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి, దానికి గడువుంది. ఆ గడువుకి ఇంకా రెండు వారాలుంది. వెళ్లి కోఆర్డినేటరు గారిని అడిగాను. "చూద్దాం అన్నాగా అమ్మా. నిన్నగాక మొన్న వచ్చావు, అన్నీ నీకే కావాలి," అన్నారు ఆయన.

నేను ఊరుకున్నాను. ఆయనకి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నేను చదివింది సరిగ్గా అర్థమైందో లేదో అనుకున్నాను. లేనిపోని కంగారు పెట్టడమెందుకు అనుకున్నాను. ఆ ఆదివారం టీచరమ్మ గారు వచ్చి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టి, "ఎన్ని అయ్యాయండీ మేడం గారూ?" అని నవ్వుతూ అడిగితే "ఏడు" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు ఇది. తెలిసిన విషయాన్ని కూడా నాకు నిజంగా తెలుసా అని తడుముకుంటూ కూర్చుంటాను. ఈలోగా బస్సు వెళ్లిపోతుంది. ఆసారి వెళ్లిపోయిన బస్సు నాది కాదు.

ఫిబ్రవరిలో అందరికీ హాల్ టికెట్లొచ్చాయి. ఆవిడకి రాలేదు. హాజరు సున్నా అని రాసిన కాగితం వచ్చింది. ఇద్దరం కలిసి గుంటూరు బస్సెక్కాం. కోతల కాలం. బస్సు మీద మిరపకాయల టిక్కీ బస్తాలు వేశారు. లోపల అందరం దగ్గుతూ, తుమ్ముతూ, కొంగులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ ఒళ్లో పద్దెనిమిది తెల్ల కాగితాలు, ఒక దారంతో కుట్టి, పైన అట్ట పెట్టి. వాటి మీద కోఆర్డినేటరు గారి చేత బతిమాలి రాయించిన ఉత్తరం.

ప్రాంతీయ ఆఫీసులో సీట్లో ఉన్నామె మంచి మనిషే. కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి చూసింది. "అమ్మా, మీరు వచ్చారు. కాదనను. కానీ ఇది కాగితం, పట్టీ కాదు. మీ పేరున్న పట్టీలో పద్దెనిమిది చోట్లా సున్నా ఉంది. నేనేం చెయ్యను?"

"ఎవరినైనా పైవాళ్లని..." అని నేను మొదలెట్టాను.

"వద్దమ్మా," అన్నారు టీచరమ్మ గారు. "ఆవిడ చెప్పింది నిజమే." కాగితాలు వెనక్కి తీసుకుంటూ చిన్నగా నవ్వారు. "నేను రాసిన చీటీలు ఎన్ని బళ్లలో ఇలాగే తిరిగొచ్చాయో."

బయట వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నాకు మంచినీళ్లిచ్చారు. ఆ నీళ్లు తాగాక ఇంక దాచలేకపోయాను.

"ఆ రూలు నాకు ముందే తెలుసండీ."

ఆవిడ మెల్లగా నా వైపు తిరిగారు. "ఎప్పుడు?"

"దసరా ముందు."

"అప్పటికి గడువుందా?"

"ఉంది."

"ఎందుకు చెప్పలా?"

"నేను చదివింది సరైందో కాదో తెలియక."

ఆవిడ రోడ్డు మీద పోయే బళ్లని చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు. "తెలీదని చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుందే అమ్మాయ్. 'టీచరమ్మ గారూ, ఇదేదో ఇలా ఉంది, నాకు సరిగా తెలీదు, మీరొకసారి కనుక్కోండి' అంటే సరిపోయేది. నువ్వు ఆ నిమిషం ఖర్చు పెట్టలా. నాకు ఏడాది ఖర్చయింది. నాకైతే సరే. ఆ తొమ్మిది మందికి?"

అప్పటిదాకా నేను మేడం గారిని. ఆ రోజు నుంచి అమ్మాయిని. ఆవిడ నాతో ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎంతో ప్రేమగా ఉన్నారు, కానీ "పరవాలేదులే" అని మాత్రం ఎప్పుడూ అనలేదు. మొదట్లో ఆ మాట కోసం ఎదురు చూసేదాన్ని. ఇప్పుడు, అననందుకే ఆవిడకి దణ్ణం పెడుతున్నాను. అని ఉంటే నేను ఆ మాట పట్టుకుని అన్నీ మర్చిపోయేదాన్ని.

తిరుగు బస్సులో అద్దంకి దగ్గర పడుతుండగా అడిగారు. "శనివారాలు ఖాళీయేనా నీకు?"

"ఖాళీయేనండీ."

"అయితే రా. ఆరో తరగతి సాంఘికం నువ్వు చెప్పు."

"ఆరో తరగతి లేదు కదండీ."

"అనుమతి లేదు. పిల్లలున్నారుగా."

జూన్‌లో ఐదో తరగతి గది వెనక వరసలో ఆరో తరగతి మొదలైంది. పట్టీ లేదు, అనుమతి లేదు, ఎక్కడా నమోదు లేదు. ఇంటింటికీ తిరిగి ఆవిడే పిల్లల్ని పంపమని అడిగారు. ఒక తండ్రి, "లెక్కలోకి రాని చదువు ఎందుకు టీచరమ్మా, కూలైనా వస్తది" అన్నాడు నా ఎదుటే. "లెక్కలోకి నేను తెస్తాగా, ఏడాది ఆగు" అన్నారావిడ. అతను ఆగలేదు. తొమ్మిది మందిలో ఆరుగురు వచ్చారు. ముగ్గురు కోతలకి పోయారు.

ఆవిడ చదువు అద్దంకిలో మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఈసారి ఆదివారం పొద్దున తొమ్మిదింటికే. సంఘంలో పెద్దలు మొహాలు ముడుచుకున్నారు. ఆరాధన మానేసి పుస్తకాల వెంట పడతారా అని. పాస్టరు గారు బడికొచ్చి అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"దేవుడి దగ్గర హాజరు పట్టీ లేదండీ పాస్టరు గారూ. యూనివర్సిటీ దగ్గరుంది. ఒక్క ఏడాది నన్ను దేవుడికి వదిలెయ్యండి, ఆయనా నేనూ చూసుకుంటాం."

"మరి పిల్లల సండే స్కూలో?"

"శనివారం సాయంత్రం చెబుతా."

"శనివారం సండే స్కూలేంటి టీచరమ్మా!" అని పాస్టరు గారు పకపకా నవ్వారు. కానీ ఆ ఏడాదంతా సండే స్కూలు శనివారమే జరిగింది. మధ్యాహ్నం నా సాంఘికం, సాయంత్రం వాళ్ల పాటలు. ఆవిడ లేని ఆదివారాల్లో పాట ఎవరికి వారు తలో శృతిలోనే ఎత్తారని పాస్టరు గారే చెప్పారు.

అద్దంకి కేంద్రంలో పాఠాలు ఆవిడకి అంతకుముందే వచ్చు. నా దగ్గర విన్నవే, రాసుకున్నవే. ఆ నోటు పుస్తకం మూసి పెట్టి కొత్తది కుట్టుకున్నారు. పాతది చూసుకుంటే సరిపోదా అని అడిగితే, "అప్పుడు విన్నాను. ఇప్పుడు మళ్లీ వినాలి. విననట్టు కూర్చుంటే కూర్చున్నట్టా?" అన్నారు. నాకు అప్పుడు ఇది చాదస్తంలా అనిపించింది. ఇప్పటికీ కాస్త అలాగే అనిపిస్తుంది, దాచడమెందుకు. అయితే ఒక్క పాఠం రెండోసారి చెప్పాల్సొచ్చినప్పుడు విసుక్కోబోయి ఆగిపోతాను.

పరీక్షలయ్యాయి. సెకండ్ క్లాసులో పాసయ్యారు. తరువాతి జూన్‌లో బడికి ఆరో తరగతి వచ్చింది, పట్టీతో సహా. వెనక వరసలో ఏడాది చదివిన ఆరుగురినీ మళ్లీ ఆరులోనే చేర్చుకోవాల్సొచ్చింది, వాళ్లు చదివింది ఎక్కడా నమోదు కాలేదు కదా. అందులో ఒక గడుసు పిల్ల, "మళ్లీ ఆరేనా టీచర్? మాకన్నీ వచ్చుగా!" అని మూతి ముడిచింది.

"నేను మళ్లీ చదవలా ఏమే? కూర్చో. ఈసారి నీ పేరు పిలుస్తారు. పలుకు."

ఆ ఆరుగురిలో ఒకామె ఇప్పుడు నర్సు, ఒకామె అద్దంకిలో టీచరు. ఇదంతా రాస్తే, చూశారా, చివరికి అంతా మంచే జరిగింది అన్నట్టుంటుంది. ఆ మాట నేను అనలేను. గురువారం సమాధుల తోటలో, జనం వెనక, చేతులు కట్టుకుని ఒకామె నిలబడి ఉంది. కోతలకి పోయిన ముగ్గురిలో ఒకామె. ముప్పై దాటి ఉంటాయి, నా కంటే పెద్దదానిలా ఉంది. నేనెవరో ఆమెకి తెలుసు. పలకరించింది, "బాగున్నారా మేడం" అని. బాగున్నానన్నాను. పిల్లలేం చదువుతున్నారని అడిగాను. "పాప ఇంటరండీ. టీచరమ్మ గారే చేర్పించారు, నా మాట వినకుండా" అంది. ఇంకేదో అడగాలనుకున్నాను. అడగలేదు. ఆమె ముందుకెళ్లి గుప్పెడు మట్టి వేసి వచ్చింది.

టీచరమ్మ గారిని తలుచుకుంటే నాకు కనిపించేది డిగ్రీ కాగితం పట్టుకున్న మనిషి కాదు. అద్దంకిలో ఆ ఏడాది ఆఖరి ఆదివారం. ముందురోజు శనివారం వాళ్లింట్లోనే ఉండిపోయాను, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి భోజనం చేద్దామని ఆవిడని తీసుకెళ్లడానికి కేంద్రానికి వెళ్లాను. క్లాసు ఒంటిగంట దాకా. పన్నెండున్నర కూడా కాలేదు, గేటు దగ్గర క్లాసువాళ్లంతా ఎదురొచ్చారు. పాఠం అయిపోయింది, సారు ఊరెళ్లాలని ముందే వదిలేశారు అన్నారు. ఆవిడ వాళ్లలో లేరు. వరండా అంతా వెతుక్కుంటూ వెళ్లి, కిటికీలోంచి చూశాను. గది ఖాళీ. బోర్డు తుడిచేసి ఉంది. ముందు బెంచీలో టీచరమ్మ గారు ఒక్కరే, నిటారుగా, పుస్తకం తెరుచుకుని, బోర్డు వైపు తిరిగి కూర్చుని ఉన్నారు.

"అందరూ వెళ్లిపోయారండీ," అన్నాను కిటికీ దగ్గరి నుంచి.

"తెలుసు."

"పట్టీ కూడా తీసుకెళ్లారు. ఇంకెవరూ చూడరు."

ఆవిడ గోడ గడియారం వైపు చూసి, మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

"ఒంటిగంట దాకా అని రాసుంది కదమ్మాయ్. నువ్వు వెళ్లి నీడలో కూర్చో. వస్తాను."